పరమాణువును చదవడం – 4వ పాఠం: నౌపడ ఉప్పులో రెండు రకాల క్లోరిన్

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క, అల్యూమినియంలో న్యూట్రాన్లు ఎన్ని అన్నది, తేల్చేద్దాం. అల్యూమినియం పరమాణు సంఖ్య (అంటే ప్రోటాన్లు) 13, ద్రవ్యరాశి సంఖ్య (అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి) 27, కాబట్టి 27లోంచి 13 తీసేస్తే న్యూట్రాన్లు 14. ఇప్పుడు ఇదే లెక్క క్లోరిన్‌కి చేసి చూడండి. ఆవర్తన పట్టికలో 17 అని, 35.5 అని కనిపిస్తాయి కదా, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే 18.5 వస్తుంది, పరీక్షలో చాలామంది అదే రాసేసి వస్తారు. కానీ అర న్యూట్రాన్ ఉన్న పరమాణువు ఎక్కడా లేదు. మరి ఆ అర ఎక్కడిది?

నౌపడ ఉప్పు మళ్ళలో తయారైన కల్లు ఉప్పు ఒక్క పలుకు తీసుకోండి. అందులో సోడియం ఉంది, క్లోరిన్ ఉంది. ఆ పలుకులో ఉన్న క్లోరిన్ అంతా ఒకే బరువుది కాదు. ప్రతి 100 పరమాణువుల్లో దాదాపు 76 క్లోరిన్-35, మిగతా 24 క్లోరిన్-37. రెండింటిలోనూ ప్రోటాన్లు 17 (అందుకే రెండూ క్లోరినే), న్యూట్రాన్లు మాత్రం మొదటిదాంట్లో 18, రెండోదాంట్లో 20. ఇలా ప్రోటాన్లు అన్నే ఉండి న్యూట్రాన్లు తేడా వచ్చిన పరమాణువులే ఐసోటోపులు. ఒకే మూలకంలో వేరు వేరు బరువుల పరమాణువులు ఉండొచ్చని 1913లో ఫ్రెడరిక్ సోడీ చెప్పాడు, చాడ్విక్ న్యూట్రాన్‌ని కనిపెట్టింది 1932లో, అంటే ఆ తేడా దేనివల్ల వస్తుందో తెలియకముందే తేడా ఉందని తెలిసిపోయింది. నాకు ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా భలే అనిపిస్తుంది.

ఇక లెక్క. ముతకగా ప్రతి నాలుగింటిలో మూడు 35లు, ఒకటి 37 అనుకోండి. మూడు 35లు 105, దానికి 37 కలిపితే 142, నాలుగుతో భాగిస్తే 35.5. పట్టికలో ఉన్నది ఈ సగటే, ఏ ఒక్క పరమాణువు బరువూ కాదు. ఇంకొంచెం ఖచ్చితంగా కావాలంటే 35ని 0.758తో, 37ని 0.242తో గుణించి కలపండి, 35.48 వస్తుంది. పెద్ద పుస్తకాల్లో 35.45 అని ఉంటే కంగారు పడొద్దు. 35, 37 అనేవి ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి లెక్కపెట్టిన సంఖ్యలు, అసలు ద్రవ్యరాశులు 34.97, 36.97. వాటితో చేస్తే సరిగ్గా 35.45 దగ్గరికి వస్తుంది, కాగితం మీద ఒకసారి మీ చేత్తో చేసి చూడండి.

ఇక్కడే ఇంకో చోట జాగ్రత్త. ఉప్పు గడ్డకట్టాక మళ్ళలో మిగిలే చేదు నీటిలో బ్రోమిన్ ఉంటుంది, దాని సగటు 79.9. దాదాపు 80 కదా అని బ్రోమిన్-80 అని రాసేయకండి, ప్రకృతిలో దొరికేది 79, 81 మాత్రమే, అవీ ఇంచుమించు సగం సగం. అదే గరివిడి వైపు తవ్వే మాంగనీసు తీసుకుంటే సగటు 54.94, అక్కడ మాత్రం నిజంగానే ఒక్క మాంగనీసు-55 తప్ప ప్రకృతిలో ఇంకోటి లేదు. కాబట్టి సగటు పూర్ణసంఖ్యకి దగ్గరగా ఉన్నంత మాత్రాన ఐసోటోపు ఒక్కటే అని తేల్చేయడానికి వీల్లేదు.

ఇప్పుడు ఎలక్ట్రాన్ల సంగతి. క్లోరిన్-35 తో చేసిన ఉప్పు, క్లోరిన్-37 తో చేసిన ఉప్పు నాలుక మీద వేసుకుంటే మీకు తేడా తెలియదు, రసాయన చర్యల్లోనూ రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. కానీ ఒక్క ఎలక్ట్రాన్ అటూ ఇటూ అయితే మొత్తం కథే మారిపోతుంది. క్లోరిన్ వాయువు పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, అదే క్లోరిన్ ఒక ఎలక్ట్రాన్ తీసుకుని అయాన్ (ఆవేశం ఉన్న పరమాణువు) అయ్యాక రోజూ పప్పులో, పులుసులో వేసుకుని తింటున్నాం. ఆ ఎలక్ట్రాన్ ఇచ్చింది సోడియం: ప్రోటాన్లు 11, న్యూట్రాన్లు 12, ఎలక్ట్రాన్లు 10 మాత్రమే, అందుకని దాని మీద ఒక ధనావేశం. క్లోరిన్‌కి 17 ప్రోటాన్లు, 18 ఎలక్ట్రాన్లు, ఒక రుణావేశం.

ప్రశ్న ఎలా వచ్చినా సరే, ముందు ప్రోటాన్లు చూసి మూలకం పేరు రాయండి, తర్వాత న్యూట్రాన్లు చూసి ఏ ఐసోటోపో రాయండి, చివర ఎలక్ట్రాన్లు చూసి ఆవేశం రాయండి. ఈ వరస తప్పకపోతే తికమక ఉండదు.

వచ్చే పాఠానికి రెండు లెక్కలు. బుడితి ఇత్తడి సామానులో రాగి ఉంటుంది, పరమాణు సంఖ్య 29, ప్రతి 100 పరమాణువుల్లో 69 రాగి-63, 31 రాగి-65. న్యూట్రాన్లు ఎన్నెన్ని, సగటు ఎంత? రెండోది: శ్రీకూర్మం తీరం ఇసుకలోని మోనజైట్‌లో థోరియం-232 ఉంటుంది, పరమాణు సంఖ్య 90. న్యూట్రాన్లు లెక్కకట్టి, అవి ప్రోటాన్ల కంటే ఎన్ని ఎక్కువో పక్కన రాసి ఉంచండి. కొన్ని ఐసోటోపులు ఎందుకు నిలవలేక విచ్ఛిన్నమవుతాయో 5వ పాఠంలో ఆ అంకెతోనే మొదలుపెడతాం.