పెద్దవాళ్ల మాత్రలకి మూడు కవర్లు

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి వైపు మన పెద్దవాళ్లకి చదవడం వచ్చింది తెలుగే. మందుల చీటీ ఇంగ్లీషులో, కొట్లో కవరు మీద రాసిచ్చేది ఒడియాలో. దాంతో రాత్రి మాత్ర పొద్దున్నే పడిపోతుంది.

మూడు కాగితం కవర్లు తీసుకుని లావు స్కెచ్ పెన్నుతో పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి అని రాయండి. చదవలేనివాళ్లకైతే సూర్యుడు, కంచం, చంద్రుడు బొమ్మలు చాలు. ఆదివారం కూర్చుని 7 రోజులకి సరిపడా మాత్రలు షీటుతో సహా కత్తిరించి ఏ పూటవి ఆ కవర్లో వేయండి. షీటులోంచి మాత్ర ఊడదీయొద్దు, మన సముద్రపు గాలికి చెమ్మెక్కుతుంది. కోత ఎక్స్‌పైరీ తేదీ లేని వైపు నుంచి మొదలెడితే చివరి మాత్ర దాకా తేదీ కనబడుతుంది. పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్ర మాత్రం ఈ కవర్లలో కలపకుండా మంచం పక్క మంచినీళ్ల చెంబు దగ్గర పెట్టండి.

వారం చివర ఒకటి మిగిలిందంటే ఓ పూట తప్పినట్టే. అలాగని మర్నాడు రెండు కలిపి ఇవ్వకండి.

డాక్టరు మధ్యలో మోతాదు మారిస్తే ఈ పద్ధతి బెడిసికొడుతుంది. ఆ రోజే మూడు కవర్లూ ఖాళీ చేసి, కొత్త చీటీ చూసి మళ్లీ వేయాలి.