హైదరాబాద్‌లో తక్కువ అద్దెకు మంచి ఏరియా ఎంచుకోవడం ఎలా

హైదరాబాద్‌లో ఉద్యోగం ఖాయం కాగానే శ్రీకాకుళం నుంచైనా, ఖమ్మం నుంచైనా వచ్చేవాళ్ళు మొదట అడిగేది "అద్దెలు ఎక్కడ తక్కువ?" అని. బోడుప్పల్ అని ఒకరు, బీరంగూడ అని ఒకరు, మల్కాజిగిరి అని ఇంకొకరు చెబుతారు. మీ ఆఫీసు ఎక్కడో తెలియకుండా చెప్పే ఏ పేరూ మీకు పనికిరాదు. అద్దె, రాకపోకల ఖర్చు, నీళ్ళ ఖర్చు మూడూ కలిపి కాగితం మీద వేసుకోండి. ఆ మొత్తం ఎక్కడ తక్కువ వస్తే అదే మీకు చవకైన ఏరియా.

ముందు ఒక లెక్క. ఆఫీసుకు 25 కిలోమీటర్ల దూరంలో ఇల్లు, బండి మీద రాకపోకలు అనుకుందాం. నెలకు 24 పని దినాలకు 1,200 కిలోమీటర్లు అవుతుంది. లీటరుకు 45 ఇచ్చే బండికి దాదాపు 27 లీటర్లు కావాలి. లీటరు 107 రూపాయల చొప్పున వేసుకుంటే పెట్రోలుకే 2,850 రూపాయల పైన. సర్వీసింగు, టైర్లు దీనికి అదనం. ట్రాఫిక్‌లో పోను గంటన్నర, రాను గంటన్నర పడితే నెలకు 72 గంటలు రోడ్డు మీదే గడుస్తాయి. అందుకే అద్దెలో మిగిలేది నాలుగు వేల లోపు అయితే అంత దూరం వెళ్ళకండి.

ఇప్పుడు మ్యాప్‌లో ఆఫీసు చుట్టూ గుండ్రంగా గీత గీసి వెతకడం మానేయండి. మెట్రో, ఎంఎంటీఎస్ (నగరంలో తిరిగే లోకల్ రైళ్ళు) లైన్ల వెంట వెతకండి. హైటెక్ సిటీ, రాయదుర్గం వైపు పనిచేసేవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మియాపూర్ నుంచి రాయదుర్గం మ్యాప్‌లో దగ్గరగా కనిపిస్తుంది. మెట్రోలో వెళ్ళాలంటే మాత్రం రెడ్ లైన్‌లో అమీర్‌పేట దాకా వచ్చి, అక్కడ దిగి, బ్లూ లైన్ ఎక్కి మళ్ళీ పడమరకు వెళ్ళాలి. కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ, నిజాంపేట వైపు ఇల్లు తీసుకుంటే జేఎన్‌టీయూ నుంచి రోడ్డు మీద బస్సులోనో బండిలోనో వెళ్ళే లెక్కే వేసుకోండి. పొద్దున తొమ్మిదింటికి ఆ రోడ్డు ఎలా ఉంటుందో ఒకసారి వెళ్ళి చూసి మరీ నిర్ణయించుకోండి.

నాగోల్, ఉప్పల్ మ్యాప్‌లో దూరమే. అయినా బ్లూ లైన్ అక్కడే మొదలవుతుంది. నాగోల్‌లో ఎక్కితే సీటు దొరుకుతుంది, రాయదుర్గం దాకా మారే పని లేదు. కూర్చుని వెళ్ళే గంట, నిలబడి నలిగిపోయే నలభై నిమిషాల కంటే నయం. అద్దెలు కూడా మాదాపూర్, కొండాపూర్‌తో పోలిస్తే బాగా తక్కువ. బోడుప్పల్, పీర్జాదిగూడల్లో ఇంకా తగ్గుతాయి గానీ, ఉప్పల్ స్టేషన్ దాకా షేర్ ఆటోలో వరంగల్ హైవే మీద రావాలి. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ళు పట్టడంతో ఆ రోడ్డు జనాన్ని చాలా ఏడిపించింది. ఆ ముక్క దాటడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూడండి. మెట్రో చార్జీలు 2025 మేలో పెరిగాయి, రాయితీ పోను గరిష్ఠంగా ఒక వైపుకు 69 రూపాయలు అయ్యాయి. లెక్క వేసే ముందు అప్పటి చార్జీని యాప్‌లో సరిచూసుకోండి.

చందానగర్, లింగంపల్లి, రామచంద్రాపురం వైపు అయితే ఎంఎంటీఎస్ ఉంది. చందానగర్ నుంచి హైటెక్ సిటీ రెండో స్టేషనే, టికెట్ కూడా మెట్రో కంటే చాలా చవక. చిక్కు రెండు చోట్ల వస్తుంది. రైళ్ళు తక్కువ కాబట్టి మీ షిఫ్టు టైముకు వెళ్ళేదీ తిరిగొచ్చేదీ రెండూ ఉన్నాయో లేదో టైంటేబుల్‌లో చూడాలి. పైగా హైటెక్ సిటీ స్టేషన్ నుంచి సైబర్ టవర్స్ దాకా రెండు కిలోమీటర్ల పైనే, రోజూ ఆటో ఖర్చు తప్పదు.

ఆడవాళ్ళు ఉద్యోగానికి వెళ్ళే ఇల్లయితే మెట్రో కంటే బస్సు రూటే పెద్ద ఆదా. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్ళకు ప్రయాణం ఉచితం. అయితే జీరో టికెట్ ఇవ్వడానికి తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. ఆంధ్రా చిరునామాతో ఉన్న ఆధార్ చెల్లదు. మార్చుకునేదాకా టికెట్ డబ్బులు లెక్కలో ఉంచండి.

ఏరియాలు మూడుకు తగ్గాక అసలు పరీక్ష నీళ్ళది. హైదరాబాద్‌లో మంజీరా నీళ్ళు అంటే జలమండలి (నగర నీటి సరఫరా బోర్డు) పైపులో వచ్చేవి, అవి కృష్ణావైనా గోదావరివైనా జనం నోట్లో మంజీరానే. చాలా కాలనీల్లో రోజు విడిచి రోజు వస్తాయి. మిగతా వాడకానికంతా బోరే. మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది పట్టణాలకు వేసే ప్రామాణిక లెక్క. నలుగురున్న ఇంటికి 540 లీటర్లు. ఆ లెక్కన 5 వేల లీటర్ల ట్యాంకర్ పది ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కు ఒక్క రోజు కూడా చాలదు. బోరు ఎండితే ఏప్రిల్, మే నెలల్లో మెయింటెనెన్స్ ఒక్కసారిగా ఎందుకు ఎగబాకుతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

"నీళ్ళకు ఇబ్బంది ఉందా?" అని ఇంటివాళ్ళను అడిగితే లేదనే అంటారు. వాచ్‌మన్‌ను "పోయిన ఎండాకాలం రోజుకు ఎన్ని ట్యాంకర్లు పడ్డాయి?" అని అడగండి, అంకె చెబుతాడు. కిందికి దిగి సంపు మూత తీయించి చూడండి. మూత పక్కన సిమెంటు గట్టు ఒరుసుకుపోయి, మందపాటి ట్యాంకర్ పైపు చుట్టచుట్టి అక్కడే పెట్టి ఉంటే, ఆ ఇంటికి ట్యాంకర్ రోజువారీ చుట్టమే. మంజీరా కనెక్షన్ ఉందంటే దానికి క్యాన్ నంబరు (జలమండలి ఇచ్చే ఖాతా నంబరు) ఉంటుంది, నీటి బిల్లు చూపించమనండి. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరిలో జీహెచ్‌ఎంసీ పరిధికి మొదలైంది, ఆ ఇంటికి వర్తిస్తోందో లేదో కూడా బిల్లే చెబుతుంది. నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటర్ ఒకటి కొని జేబులో వేసుకోండి. బోరు నీళ్ళు గ్లాసులో పట్టి ముంచితే లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. 2,000 దాటితే తాగడానికి ఒప్పుకోని నీళ్ళు. బాత్రూం కుళాయి మీద తెల్లగా గట్టిపడిన ఉప్పు పొర కనిపిస్తే మీటర్ తీయకుండానే తెలిసిపోతుంది.

నీళ్ళు లేకపోవడం ఎంత కష్టమో, ఇంట్లోకి రావడం అంతకంటే నష్టం. 2020 అక్టోబర్ వానలకు టోలీచౌకీ నదీమ్ కాలనీ, హఫీజ్ బాబా నగర్, సరూర్‌నగర్, మీర్‌పేట వైపు కాలనీలు మునిగాయి. నిజాంపేటలోని బండారి లేఅవుట్ 2016లోనే మునిగింది. ఇవన్నీ చెరువు కిందో, నాలా దారిలోనో ఉన్నవే. గ్రౌండ్ ఫ్లోర్ అద్దె పక్క ఫ్లోర్ల కంటే మరీ తక్కువగా ఉంటే కాంపౌండ్ గోడ కింది భాగం చూడండి. కొత్త రంగు కింద నుంచి అడ్డంగా సాగే మట్టి మరక గీత అప్పటి నీటి మట్టం. ఎదురింటి గుమ్మానికి ఇటుకలతో అడ్డు కట్టి ఉన్నా అదే సంగతి. చెరువు పక్క ఇల్లయితే అది ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్ళు చేరే హద్దు), బఫర్ (దాని చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా) హద్దుల్లో ఉందేమో హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపుల్లో చూసుకోండి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఇలాంటి చోట్ల కూల్చివేతలు జరిగాయి, ఇల్లు మీది కాకపోయినా సామాను మీదే.

ఏరియాను రెండుసార్లు చూడాలి, పొద్దున ఒకసారి, రాత్రి పది దాటాక ఒకసారి. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టుపక్కల దమ్మాయిగూడ, నాగారం, కాప్రా వైపు గాలి తిరిగితే వచ్చే వాసన పగలు తెలియకపోవచ్చు. బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడల దగ్గరా రాత్రి వెళ్ళి చూడండి. వీధి దీపాలు, కుక్కలు, చివరి షేర్ ఆటో ఎన్నింటికి అన్నవీ అప్పుడే తెలుస్తాయి.

ఇదంతా ఊళ్ళో కూర్చుని ఫోన్లో చేసే పని కాదు. రెండు మూడు వారాలకు హాస్టల్లో దిగండి, సామాను ఊళ్ళోనే ఉంచండి. నచ్చిన కాలనీల్లో సాయంత్రం పూట నడవండి. మంచి పోర్షన్లు చాలా వరకు గేటుకు వేలాడే టు లెట్ బోర్డు మీదే ఉంటాయి, ఆన్‌లైన్‌కు రావు. కిరాణా షాపువాళ్ళకు, ఇస్త్రీ బండి వాళ్ళకు ఖాళీ అయ్యే ఇళ్ళ సంగతి ముందే తెలుస్తుంది. బ్రోకర్ ద్వారా అయితే సగం నెల నుంచి నెల అద్దె దాకా అడుగుతారు. ఆర్మీలో ఉన్నానంటూ, ఇల్లు చూపించకుండానే టోకెన్ పంపమనేవాళ్ళకు ఒక్క రూపాయి కూడా పంపకండి.

బేరానికి కాలం ఉంది. మే, జూన్‌లో బడులు తెరిచే ముందు అందరూ మారతారు కాబట్టి అద్దె తగ్గదు. ఆషాఢంలో, పుష్యంలో పాలు పొంగించడానికి చాలామంది ఇష్టపడరు, బోర్డులు అలాగే వేలాడుతుంటాయి. మీకు పట్టింపు లేకపోతే అప్పుడు అడగండి. అద్దె తగ్గించకపోయినా రంగులైనా వేయించి ఇస్తారు. పై అంతస్తు పెంట్‌హౌస్ చవకగా వస్తే పొద్దు వాలాక లోపలి గోడ మీద చెయ్యి పెట్టి వేడి చూసి ఒప్పుకోండి.

అడ్వాన్స్ మామూలుగా రెండు నెలలది. ఒప్పందం 11 నెలలకు రాసుకుంటారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. మెయింటెనెన్స్‌లో ట్యాంకర్ ఖర్చు కలిసి ఉందో లేదో, ఖాళీ చేసేటప్పుడు రంగుల కింద ఎంత పట్టుకుంటారో, అద్దె ఏటా ఎంత పెంచుతారో అంకెల్లో రాయించండి. కరెంటుకు మీ పోర్షన్‌కు విడిగా యూఎస్‌సీ నంబరు (కరెంటు కనెక్షన్ నంబరు) ఉన్న మీటరే కావాలనండి. రెండు మూడు కుటుంబాలకు ఒకే మీటర్ ఉంటే యూనిట్లన్నీ కలిసి పై శ్లాబులోకి వెళ్తాయి, తక్కువ వాడినా ఎక్కువ రేటు మీ మీద పడుతుంది. ఏడాది అద్దె లక్ష దాటి, ఆదాయపు పన్నులో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు అడగాలనుకుంటే ఇంటివారి పాన్ నంబరు ఇస్తారో లేదో కూడా అడ్వాన్స్ ఇవ్వకముందే అడగండి. తాళం చేతికి తీసుకున్న రోజే కరెంటు మీటర్ రీడింగు, గోడల మీది పగుళ్ళు, కుళాయిలు ఫోటోలు తీసి ఇంటివారి వాట్సాప్‌కు పంపండి.