ఇంట్లో గొడవ లేకుండా సెయిలింగ్ పోటీలకు పోవడం ఎలా?

హన్మకొండలో ఉంటూ పడవ పోటీలకు తిరుగుతానంటే ఎవరైనా మొదట నవ్వుతారు. భద్రకాళి చెరువుంది, వడ్డేపల్లి చెరువుంది, కొంచెం దూరం పోతే పాకాల, లక్నవరం ఉన్నాయి, కానీ రేసు చేయాలంటే నాకు దగ్గరి చోటు హుస్సేన్ సాగరే. పదకొండేళ్లుగా డింగీ పోటీలకు పోతున్నాను. డింగీ అంటే తెలియని వాళ్లకు ఒక్క మాట: ఇంజన్ లేని చిన్న తెరచాప పడవ, ఒకరో ఇద్దరో నడుపుతారు, బోల్తా పడితే మనమే లేపుకోవాలి. నాతో పాటు మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది మానేశారు. పడవ నడపడం రాక మానేసినవాడు ఒక్కడూ లేడు, అందరూ ఇంటి పోరు పడలేకే మానేశారు. అందుకే ఇది రాస్తున్నాను, ఎందుకంటే ఆ పోరులో చాలా భాగం మనం చేజేతులా తెచ్చుకునేదే.

ముందు కేలెండర్. ఫోన్‌లోది పక్కన పెట్టండి, వంటింటి గోడకు వేలాడే పంచాంగం కేలెండర్ దించండి. హైదరాబాద్‌లో పెద్ద పోటీలు సాధారణంగా జూలై ప్రాంతంలో పడతాయి, లేజర్లకు, అంటే ఒక్కరే నడిపే ఒక రకం డింగీలకు, హైదరాబాద్ సెయిలింగ్ వీక్, పిల్లలకు మాన్సూన్ రెగట్టా అనే పడవ పోటీ. వానాకాలపు పడమటి గాలి సాగర్ మీదికి గట్టిగా దిగేది అప్పుడే కాబట్టి. మనకు అవి ఆషాఢం రోజులు. లగ్గాలుండవు, గృహప్రవేశాలుండవు, పత్రికలు పట్టుకొని ఎవరూ ఇంటికి రారు. కొత్తగా పెళ్లయినవాళ్లకైతే భార్య ఎట్లాగూ పుట్టింట్లో ఉంటుంది, ఇక అడిగేవాళ్లే లేరు. బోనాల ఆదివారం ఏ తేదీన పడిందో మాత్రం చూసుకోండి. శ్రావణం వచ్చిందంటే మళ్లీ శుక్రవారాల నోములు, వరసగా పెళ్లిళ్లు. బతుకమ్మ తొమ్మిది రోజులు అసలు ముట్టుకోకండి. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా ఊళ్లోనే ఉండాలి, మీ ఇంట్లో తంగేడు పువ్వు తెచ్చే మనిషి మీరే అయితే ఇక ఆలోచనే వద్దు. రెండేళ్లకోసారి మేడారం జాతర వారం కూడా అంతే, మా ఇంట్లో ఆ నాలుగు రోజులు చుట్టాలకు చాపలు చాలవు.

ఇవన్నీ కొట్టేశాక మిగిలిన తేదీల్లో బయటి ఊరి పోటీలు ఏడాదికి రెండే. మూడు వద్దు. మూడోది గెలిచినా ఇంట్లో ఎవరూ ఆ కప్పు వైపు చూడరు, నాకు తెలుసు.

టికెట్ల సంగతి తేలిక. మన అదృష్టం ఏంటంటే ఢిల్లీ–చెన్నై మెయిన్ లైన్ మన ఊరి మీదుగానే పోతుంది. పెద్ద చెరువు మీద పోటీలు జరిగే భోపాల్ ఉత్తరాన, సముద్రం మీద జరిగే చెన్నై దక్షిణాన, రెండూ మారకుండా ఒకే రైల్లో పోవచ్చు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజే చేయండి. హైదరాబాద్‌కు కూడా రైలే. కారులో పోతానంటారు కొందరు. పొద్దంతా ఎండలో పడవ అంచు మీద వెనక్కి వేలాడి, తొడలు పట్టేసి, అరచేతులు తాడుకు కోసుకుపోయాక రాత్రిపూట 145 కిలోమీటర్లు స్టీరింగ్ పట్టేవాడిని నేను నమ్మను. రైల్లో కూర్చుంటే భువనగిరి రాకముందే నిద్రపోతారు, అది చాలు.

సామాను ఒక్క సంచి: లైఫ్ జాకెట్, చేతి తొడుగులు, టోపీ, రెండు లీటర్ల నీళ్లు, మార్చుకోవడానికి రెండు జతలు, ఎలక్ట్రికల్ టేపు. పడవ అక్కడే అద్దెకు తీసుకోండి. సొంతది కొనేటట్టయితే లేజరే కొనండి, ఇప్పుడు దాని పేరు ఐఎల్‌సీఏ. పడవ ఒక్కటే, పొడవు 4.23 మీటర్లు, దాని మీద తెరచాప మూడు సైజుల్లో ఎక్కించవచ్చు: 7.06 చదరపు మీటర్లది నాకు, 5.76ది మా ఆవిడకు, 4.7ది మా బిడ్డకు. స్తంభంలో కింది ముక్క, తెరచాప మారిస్తే సరిపోతుంది. ఇద్దరు నడిపే పడవ కొంటానని మా మిత్రుడొకడు పట్టుబట్టి కొన్నాడు. ఇప్పుడు వాడు తన ఇంటితో పాటు తోడు నడిపేవాడి ఇంటిని కూడా ఒప్పించుకోవాలి. రెండిళ్ల పంచాంగం ఎక్కడ కుదురుతుంది?

ఇప్పుడు అసలు సంగతి. అందరూ బోల్తా పడేది ఇక్కడే: తిరిగి ఎప్పుడొస్తారో ఇంట్లో చెప్పడం.

క్రికెట్ మ్యాచ్‌కు పోయినవాడు ఏడింటికి వస్తానంటే ఏడింటికి రావచ్చు. మనం గాలి కోసం కూర్చునేవాళ్లం. గాలి రాకపోతే రేస్ కమిటీ ఎరుపు తెలుపు నిలువు చారల ఏపీ (ఆన్సరింగ్ పెనెంట్) జెండా ఎత్తుతుంది, అంటే వాయిదా. ఎంతసేపన్నది ఎవరూ చెప్పరు. ఒకసారి మా బిడ్డ పుట్టినరోజు చివరి రేసు రోజే పడింది. సాయంత్రం ఏడింటికల్లా ఇంట్లో ఉంటా, కేక్ నేను వచ్చాకే కోయాలి అని ఒట్టేసి మరీ పోయాను. పొద్దున పదింటికి ఎగిరిన చారల జెండా ఒంటిగంటన్నర దాకా దిగలేదు. సాగర్ పళ్లెంలో పోసిన నీళ్లలా ఉంది, తెరచాప తడి దుప్పటిలా వేలాడుతోంది, బుద్ధ విగ్రహం అటు నేను ఇటు ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. ఆ తర్వాత గాలి వచ్చింది, మంచి గాలి, వరసగా రెండు రేసులు పెట్టారు. గట్టుకొచ్చి ఫోన్ తీస్తే పద్నాలుగు మిస్డ్ కాల్స్. ఇల్లు చేరేసరికి పదకొండున్నర. ఫ్రిజ్‌లో స్టీలు పళ్లెం బోర్లించి ఒక కేకు ముక్క ఉంది, దాని మీద మా బిడ్డ పేరులోని చివరి అక్షరం. మా ఆవిడ తిట్టలేదు. “బిడ్డ పండుకుంది, లైటు వేయకు” అన్నది, అంతే. నాలుగు రోజులు అదే గొంతు.

తప్పు గాలిది అనుకోవడానికి లేదు, ఎందుకంటే లెక్క ముందే రాసి ఇచ్చారు, నేనే వేసుకోలేదు. ప్రతి పోటీకి నోటీస్ ఆఫ్ రేస్, సెయిలింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ అని రెండు కాగితాలు ఉంటాయి. చివరి రోజు ఫలానా టైం దాటాక వార్నింగ్ సిగ్నల్ ఇవ్వం అని వాటిలో ఒక వాక్యం ఉంటుంది. ఎంట్రీ ఫీజు ఎంతో చూసి కాగితం మడిచేస్తారు చాలామంది, ఆ వాక్యం దగ్గరే ఆగాలి. అది మధ్యాహ్నం 3:00 అనుకోండి. మూడింటికి అయిపోతుందని అర్థం చేసుకున్నారో, అయిపోయారు. వార్నింగ్ అనేది స్టార్ట్‌కు ఐదు నిమిషాల ముందు జెండా. 2:58కి అది లేస్తే రేసు మొదలయ్యేది 3:03కి. ముప్పావు గంటో గంటో రేసు, గాలి చస్తే ఇంకా ఎక్కువ. గట్టుకు వచ్చేసరికి నాలుగుంపావు. తర్వాత ప్రొటెస్ట్ టైం, అంటే ఫిర్యాదులు వేసే గడువు, ముగిసేదాకా ఆగాలి, మీ మీద ఎవరైనా ఫిర్యాదు వేస్తే విచారణకు కూర్చోవాలి, మీరు స్టేషన్‌కు పోతే మీరు లేకుండానే తేల్చి డిస్‌క్వాలిఫై చేయవచ్చు. ఈలోపు పడవ విప్పాలి, కడగాలి, లెక్క చూపించి అప్పజెప్పాలి, డిపాజిట్ వెనక్కి తీసుకోవాలి. ఆ తర్వాత బహుమతులు, టీ, ఫొటోలు. ఆరున్నర ఎక్కడికీ పోదు. ఆటో, సికింద్రాబాద్ స్టేషన్, రైలు, కాజీపేటలో దిగి మళ్లీ ఆటో. పదిన్నర.

కాబట్టి ఇంట్లో చెప్పాల్సిన మాట “తెల్లారి మీరు లేచేసరికి ఇంట్లో ఉంటా”. పదిన్నర అని కూడా చెప్పకండి. ‘గాలి బాగుంటే తొందరగా వస్తా’ అని తోక తగిలించకండి, వినేవాళ్లకు ‘తొందరగా వస్తా’ ఒక్కటే వినబడుతుంది. చివరి రోజు సాయంత్రం శాతవాహన ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ అసలు కొనవద్దు, చేతిలో ఆ టికెట్ ఉంటే ఆఖరి రేసంతా గడియారం చూస్తూ నడుపుతారు, టెన్షన్‌లో స్టార్ట్ లైన్ ముందే దాటేస్తారు. నేను దాటాను. మర్నాడు ఆఫీసుకు సెలవు కూడా ముందే పెట్టండి, సగం రోజుది.

ఇంకో పని: ఆ జెండాలు ఇంట్లోవాళ్లకు నేర్పండి. ఏపీ ఒక్కటే ఉంటే ఆగారని, దాని కింద ‘ఏ’ జెండా కూడా ఎగిరితే ఆ రోజుకు ఇక రేసుల్లేవని. పొద్దున నీళ్ల మీదికి పోయే ముందు ఒక్క ఫోన్ చేయండి, మళ్లీ గట్టుకు వచ్చాకే అని చెప్పండి. ఇప్పుడు నేను ఆలస్యంగా వచ్చిన రోజు మా బిడ్డ తలుపు తీస్తూ “చారల జెండానా నాన్నా?” అని అడుగుతుంది.

అందరినీ వెంట తీసుకుపోతే సరిపోతుంది కదా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఒకరుంటారు. ఒక్కసారి తీసుకుపోయి చూడండి. గట్టు మీంచి చూస్తే పడవలన్నీ చింపి పారేసిన కాగితం ముక్కల్లా ఉంటాయి, మీరు ఎక్కడున్నారో కూడా తెలియదు. మీరు రోజుకు ఆరు గంటలు నీళ్ల మీద ఉంటారు, మా అత్తమ్మ ఒకసారి వచ్చి సంజీవయ్య పార్కులో పొద్దంతా సద్ది డబ్బా పట్టుకొని కూర్చుంది, ఇప్పటికీ ప్రతి దావత్‌లో చెబుతుంది. బిడ్డ తానే పోటీలో దిగే వయసు వచ్చాక తీసుకుపోండి, అప్పుడు ఆమె తేదీలకే మీరు సర్దుకోవాల్సి వస్తుంది. ఆప్టిమిస్ట్ పడవలు పదిహేనేళ్ల వరకే కాబట్టి ఎనిమిది, తొమ్మిదేళ్లకే మొదలుపెట్టిస్తే మేలు.

ఇంటికి చేరాక సంచి హాల్లో పెట్టకండి. ఆ నీళ్ల వాసన తలుపు సందులోంచి కూడా వస్తుంది. రాత్రి ఎంతైనా సరే నేరుగా బాత్రూంలోకి పోయి, బకెట్‌లో నానబెట్టి, మీ బట్టలు మీరే పిండి డాబా మీద ఆరేయండి. లైఫ్ జాకెట్ ఎండలో వద్దు, మెట్ల కింద నీడలో, హ్యాంగర్‌కు.