హుక్కా పైపు: చూసి కొనడం, కడగడం, ముఖ్యంగా ఆరబెట్టడం

దుబాయ్ దేరాలో ఒక కెఫేలో షీషా మేకర్‌గా, అంటే హుక్కాలు తయారుచేసి ఇచ్చేవాడిగా పనిచేస్తున్నాను. మా జగిత్యాల వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా బిల్డింగ్ పనుల్లోనో, క్లీనింగ్‌లోనో ఉంటారు. నాకు ఈ బొగ్గుల పని దొరికింది. ఊరికి బయల్దేరుతున్నానని తెలిస్తే చాలు, చుట్టాల పిల్లలు ఫోన్ చేసి "కాకా, మంచి హుక్కా పైపొకటి తీసుకురా" అంటారు. మంచిదంటే వాళ్ళ లెక్కలో మెరిసేది. నా లెక్క వేరు. కింద నీళ్ళు పోసే గాజు బుడ్డి మురికైతే కంటికి కనిపిస్తుంది. పైన పొగాకు పెట్టే చిలుం మాడినా కనిపిస్తుంది. పైపు లోపల ఏం పేరుకుందో మాత్రం ఎవరికీ కనపడదు. అందుకే సులువుగా కడిగి, పూర్తిగా ఆరబెట్టగలిగిందే మంచి పైపు. మిగతాదంతా షోకు.

ఇక్కడి సూక్‌లో, అంటే బజారులో, దుకాణాల ముందు రంగురంగుల పైపులు వేలాడుతుంటాయి. ఎర్ర గుడ్డో నీలం గుడ్డో చుట్టి, జరీ దారం కట్టి, రెండు చివర్లా చెక్క బిగించి ఉంటాయి. లోపల స్ప్రింగులా చుట్టిన సన్నటి ఇనుప తీగ, దాని మీద తోలు, ఆపైన గుడ్డ. తోలు అని అమ్మేది ఇప్పుడు చాలావరకు రెగ్జినే. వీటికి నీళ్ళు తగలకూడదు. తగిలితే తీగ తుప్పు పడుతుంది, జిగురు వదులుతుంది, తుప్పు పొడి పీల్చేవాడి నోట్లోకే వస్తుంది. షాపువాడు "వాషబుల్ సాబ్, వాషబుల్" అంటాడు. మీ దగ్గర ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం ఉంటే పైపుకి ఆనించి చూడండి. అంటుకుందంటే లోపల ఇనుము ఉన్నట్టే. ఇక ఆ మాటకి విలువ లేదు.

అలాంటి పైపు ఇంట్లో ముందే ఉంటే ఒక తెల్ల టిష్యూ పరిచి, పైపు చివర దాని మీదకి వంచి, మధ్యలో నాలుగు తట్లు తట్టండి. గోధుమ రంగు పొడి రాలితే దాన్ని ఇక వాడకండి. రాలకపోతే వాడిన ప్రతిసారీ పైపు విప్పి, బుడ్డి వైపు చివర నుంచి గట్టిగా ఊది, వేలాడదీయండి. దానికి చేయగలిగింది అంతే.

కొత్తగా కొనేవాళ్ళకి నేను చెప్పేది సిలికాన్ పైపు. మీటరున్నర పొడవు చాలు. నేల మీద పెట్టిన హుక్కా నుంచి కుర్చీలో కూర్చున్నవాడికి హాయిగా అందుతుంది. ఇంకా పొడవైతే నేల మీద పడి కాళ్ళకి తగులుతుంది, ఎవడో ఒకడు తన్నుకుంటే బొగ్గుతో సహా హుక్కా పడిపోతుంది. నవాబుల కాలంలో పాములా మెలికలు తిరిగే పొడుగాటి పైపులుండేవి కదా అని ఒక కస్టమర్ నాతో వాదించాడు. ఉండేవి నిజమే, సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ పనితనం చేసిన హుక్కాలు చూస్తే ఆ వైభోగం అర్థమవుతుంది. కానీ వాళ్ళకి హుక్కా మోయడానికీ, తోమడానికీ వేరే నౌకర్లుండేవారు.

సిలికాన్‌లోనూ నాసిరకం ఉంటుంది. ముందు వాసన చూడండి. కొత్త పైపుకి కొద్దిగా వాసన ఉంటే ఉండనీ, టైరు వాసన గుప్పుమంటే మాత్రం వద్దు. తర్వాత రెండు చేతుల్తో పట్టుకుని సాగదీసి మెలిపెట్టండి. మెలిపడ్డ చోట తెల్లగా పాలిపోతే అందులో ఏవో కలిపారని అనుమానించాలి. మంచిదైతే రంగు పెద్దగా మారదు. చివరగా యూ ఆకారంలో వంచి చూడండి. మడత పడి నొక్కుకుపోయిందంటే గోడ పలచన, రేపు తాగేటప్పుడు కూడా అలాగే మూసుకుపోతుంది. లోపలి రంధ్రం మీ చిటికెన వేలి కొన దూరేంత ఉండాలి. మరీ సన్నగా ఉంటే గట్టిగా లాగాలి, దవడలు నొప్పెడతాయి.

హ్యాండిల్ విషయంలో నాది అల్యూమినియం పార్టీ. చెక్క చూడ్డానికి బాగుంటుంది కానీ తడి పీల్చుకుంటుంది, వాసన పట్టుకుంటుంది. గాజుది శుభ్రంగా ఉంటుంది, ఒకసారి టైల్స్ మీద పడితే కథ ముగిసింది. అల్యూమినియం హ్యాండిల్ కొనేటప్పుడు పైపుతో కలిసే చోటు వేలితో తడమండి. అంచు పదునుగా ఉంటే నాలుగు రోజుల్లో సిలికాన్‌ని కోసేస్తుంది. గాలి పోతోందేమో తెలియాలంటే ఒక చివర బొటనవేలితో మూసి రెండో చివర నుంచి లాగండి. గాలి రాకూడదు, పైపు కాస్త లోపలికి ముడుచుకోవాలి. పైపు బాగానే ఉండి హుక్కాకి తగిలించాక గాలి పోతోందంటే రబ్బరు వాషరు అరిగిందన్నమాట. దాని కోసం పైపు మార్చక్కర్లేదు.

కడగడం పెద్ద పనేం కాదు. హ్యాండిల్ విప్పి, పైపులోకి గోరువెచ్చని నీళ్ళు ధారగా వదిలి, రెండు చివరలూ పట్టుకుని ఊయల ఊపినట్టు అటూఇటూ ఊపి పారబోయాలి. నీళ్ళు తేటగా వచ్చేదాకా అంతే. సబ్బు వద్దు. దాని వాసన లోపల ఉండిపోయి తర్వాతి పొగలో తేలుతుంది. జిడ్డు వదలకపోతే నిమ్మరసం కలిపిన నీళ్ళు పోసి కాసేపు ఉంచి కడగండి. డబుల్ యాపిల్ ఫ్లేవర్ తాగే పైపుని మాత్రం వేరుగా పెట్టుకోండి. అందులోని సోంపు వాసన ఎంత కడిగినా వదలదు, పుదీనా వేసినా ద్రాక్ష వేసినా వెనకాల నుంచి పలకరిస్తుంది. మా కెఫేలో వాటికి ఎర్ర టేపు చుట్టి పెడతాం.

ఇప్పుడు అసలు సంగతి. కడిగినవాళ్ళందరూ ఆరబెట్టరు. కడిగి, తుడిచి, చుట్టచుట్టి డబ్బాలో పెట్టేస్తారు. పైన పొడిగా ఉంటుంది, లోపల వంపు తిరిగిన చోట చెంచాడు నీళ్ళు నిలుస్తాయి. కొన్ని రోజులకి మూత తీస్తే ముక్కిన వాసన. లోపల బూజు పట్టిందంటే ఇక కడగడం కాదు, పారేయడమే. కాబట్టి కడిగాక బాత్రూంలోనో బాల్కనీలోనో నిలబడి, ఒక చివర పట్టుకుని గట్టిగా రెండు మూడు సార్లు విదిలించండి. చుక్కలు గోడల మీద పడతాయి, ఇంట్లోవాళ్ళు తిడతారు, పడండి. తర్వాత తలుపు వెనక మేకుకి నిలువుగా, ఎక్కడా వంపు లేకుండా వేలాడదీయండి. రాత్రంతా ఉంచండి. వానాకాలంలో మన దగ్గర ఒక రాత్రి సరిపోదు. పొద్దున హ్యాండిల్ బిగించే ముందు ఒక చివర చెంపకి ఆనించి రెండో చివర నుంచి ఊదండి. చెంపకి చల్లగా తడి తగిలితే ఇంకా ఆరలేదు. ఆరాక కూడా బిగించి చుట్టకుండా వదులుగా పెట్టండి.

కడక్కుండానే పైపు తడుస్తోందంటే బుడ్డిలో నీళ్ళు ఎక్కువయ్యాయి. లోపలి గొట్టం చివర రెండు మూడు సెంటీమీటర్లు మునిగితే చాలు.

పైపు శుభ్రంగా ఉన్నా ఒకే మౌత్‌పీస్ నలుగురు నోట్లో పెట్టుకుంటే లాభం లేదు. టీబీతో సహా అంటురోగాలు అలా పాకుతాయని డబ్ల్యూహెచ్ఓ హెచ్చరించింది. ఒక్కొక్కరికి ఒక్కో ప్లాస్టిక్ టిప్ ఇవ్వండి. అవి సంచీల కొద్దీ చవగ్గా దొరుకుతాయి.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. 2008లో బీరుట్ అమెరికన్ యూనివర్సిటీ పరిశోధకులు తోలు పైపునీ ప్లాస్టిక్ పైపునీ పోల్చి చూశారు. తోలు పైపు గోడల్లోంచి బయటి గాలి చొరబడి పొగ పలచనవుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ పైపుతో నోటికొచ్చే కార్బన్ మోనాక్సైడ్ బాగా పెరిగింది. గాలి చొరకపోవడంలో సిలికాన్‌దీ అదే పద్ధతి. అంటే కడిగిన పైపు శుభ్రమైనదే గానీ పొగ శుభ్రమైనది కాదు. నీళ్ళలోంచి వచ్చినా కాదు. మూసిన గదిలో పెట్టుకోకండి. తల తిరిగినా తలనొప్పి మొదలైనా వెంటనే ఆపి బయటి గాలిలోకి వెళ్ళండి. ఊళ్ళో పిల్లలకైతే పైపు బదులు ఖర్జూరాలు తీసుకెళ్తాను. తెలంగాణలో హుక్కా పార్లర్లని 2024లో నిషేధించారు. కరెంటుతో నడిచే ఈ-హుక్కా అయితే 2019 నుంచి దేశమంతటా నిషేధం, సూట్‌కేసులో పెట్టుకుని టెన్షన్ తెచ్చుకోవద్దు.

పైపు ఎప్పుడు మార్చాలంటే, లోపల చిటికెన వేలి కొన తిప్పితే జిగటగా అంటుకున్నప్పుడు, బొగ్గు పడి గుంట పడినప్పుడు, ఆరిన తర్వాత కూడా వాసన వస్తున్నప్పుడు. హ్యాండిల్, వాషరు తీసి పెట్టుకోండి. సిలికాన్ గొట్టం ఒక్కటే విడిగా అమ్ముతారు. పాత గొట్టం ముక్క ఒకటి వెంట తీసుకెళ్తే సైజు తప్పదు.