గాల్లో పవర్ తగ్గుతోందా? ముందు కార్బ్యురేటర్ హీట్ లాగండి

సెస్నా 150, 152 లాంటి చిన్న విమానాల మీద ఫ్లయింగ్ నేర్చుకుంటున్న బరంపురం, రాయగడ, కొరాపుట్ తెలుగు పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

సమస్య: థ్రాటిల్ (పవర్ పెంచే, తగ్గించే నాబ్) ముట్టుకోలేదు, ఎత్తు మారలేదు. అయినా ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) నెమ్మదిగా జారిపోతోంది. కాసేపటికి ఇంజిన్ రఫ్‌గా తిరుగుతుంది. చాలామంది ఇక్కడే తమకు తెలియకుండా థ్రాటిల్ కొంచెం పెంచేస్తారు. దాంతో అసలు లక్షణం కనబడకుండా పోతుంది.

కారణం: కార్బ్యురేటర్ అంటే పెట్రోలునూ గాలినీ కలిపే భాగం. దాని ఇరుకు గొంతులో గాలి పీడనం పడిపోతుంది, పెట్రోలు ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది. రెండూ కలిసి లోపలి ఉష్ణోగ్రతను 20 డిగ్రీలు, ఒక్కోసారి 30 డిగ్రీలకు పైగా దించేస్తాయి. గాలిలోని తేమ థ్రాటిల్ రేకు చుట్టూ మంచై పేరుకుని దారి మూసేస్తుంది. ఇది కొరాపుట్ చలికాలపు పొద్దుల్లో మాత్రమే వస్తుందనుకోకండి. బరంపురంలో వానల మధ్య 28 డిగ్రీల ఉక్కపోత ఉన్న రోజున, పవర్ తగ్గించి దిగుతున్నప్పుడు కూడా ప్రమాదం ఎక్కువే. జయపురంలో దిగిన కారవాన్ లాంటి టర్బైన్ విమానాలకు ఈ బెడద లేదు, వాటికి కార్బ్యురేటరే ఉండదు.

పరిష్కారం: కార్బ్యురేటర్ హీట్ (కార్బ్యురేటర్‌లోకి వేడి గాలి పంపే నాబ్) పూర్తిగా లాగండి, సగం వద్దు. లాగగానే ఆర్‌పీఎం ఇంకా పడుతుంది, ఇంజిన్ దగ్గుతుంది, వణుకుతుంది. కరిగిన నీళ్లు ఇంజిన్‌లోకి వెళ్తున్నాయి కాబట్టే అలా జరుగుతుంది. అప్పుడు టెన్షన్ పడి హీట్ తీసేయడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. పట్టుకుని ఉండండి, మంచు కరిగాక ఆర్‌పీఎం మళ్లీ పైకి వస్తుంది. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఈ వేడి సైలెన్సర్ చుట్టూ తిరిగిన గాలి నుంచి వస్తుంది. ఇంజిన్ ఆగిపోతే ఆ వేడి కూడా పోతుంది. అందుకే అనుమానం రాగానే లాగాలి, ఆగిపోయేదాకా చూడకూడదు. కొరాపుట్ కొండల మీద చదునుగా దిగే చోటు దొరకడం కష్టం.

దిగేటప్పుడు పవర్ తగ్గించకముందే హీట్ పెట్టండి. మళ్లీ పైకి లేవాల్సి వస్తే ముందు ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, తర్వాత హీట్ తీసేయండి. హీట్ ఉన్నంతసేపు పవర్ కాస్త తక్కువే వస్తుంది. నేల మీద మాత్రం ఎక్కువసేపు వాడొద్దు, ఆ గాలి ఫిల్టర్ గుండా రాదు, ఎర్రమట్టి దుమ్ము లోపలికి పోతుంది. రన్‌అప్‌లో (ఎగిరే ముందు నేల మీద చేసే ఇంజిన్ పరీక్షలో) హీట్ లాగినా ఆర్‌పీఎం కొంచెం కూడా పడకపోతే హీట్ పనిచేయడం లేదన్నమాట, ఎగరకండి.

హీట్ పెట్టినా మార్పు లేకపోతే ట్యాంక్ సెలెక్టర్ (పెట్రోలు ఏ ట్యాంకు నుంచి రావాలో ఎంచే మీట), మిక్స్‌చర్ (గాలిలో పెట్రోలు పాళ్లు మార్చే నాబ్), మాగ్నెటోలు (స్పార్క్ ఇచ్చే భాగాలు) వరసగా చూడండి. ఒక్కసారిగా ఆగి మళ్లీ అందుకుంటుంటే పెట్రోల్లో నీళ్లున్నాయేమో అనుమానించండి.

దిగేసరికి మంచు కరిగిపోతుంది, మెకానిక్‌కి ఏ ఆనవాలూ దొరకదు. అందుకే ఆ సమయంలో ఉన్న ఉష్ణోగ్రత, మంచుబిందువు (గాలిలోని తేమ నీళ్లుగా మారే ఉష్ణోగ్రత), ఎత్తు, ఎంత ఆర్‌పీఎం పడిందో వెంటనే రాసి ఇవ్వండి.