ఇరవై నిమిషాల విషాద నాటిక రాయడం ఎలా?

ఉగాదికి నాటిక వేద్దామంటే చాలు, మా చెన్నై మిత్రులు "పండగపూట ఏడుపెందుకండీ, కామెడీ పెట్టుకుందాం" అంటారు. ఈ ఊళ్లో ఆ మాట వింటే నాకు విచిత్రంగా ఉంటుంది. విషాద నాటకాన్ని తెలుగులోకి తెచ్చిన తొలితరం వాళ్లలో ఒకరైన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1891లో బళ్లారి నుంచి బృందంతో వచ్చి ఇక్కడ నాటకాలు ఆడారు. అవి చూసిన ఉత్సాహంతోనే పమ్మల్ సంబంధ మొదలియార్ ఆ ఏడే తమిళ నాటకాల కోసం సుగుణ విలాస సభ పెట్టారు. సరే, రాయడానికి కూర్చుందాం.

మొదట ఒక పొరపాటు వెతకండి. విలన్ అక్కర్లేదు. దుర్మార్గుడు పాడైతే తగిన శాస్తే అనుకుంటాం, మనలాంటివాడు పాడైతేనే గుండె జారుతుంది. అలాంటివాడి పొరపాటునే ప్రాచీన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ హమార్టియా అన్నాడు. పెరంబూరులో రిటైరైన ఒక అన్నయ్యను తీసుకోండి. ఇల్లు అమ్మనని నాన్నకు మాటిచ్చాడు. అప్పుల్లో మునిగిన తమ్ముడు వచ్చి చెయ్యి చాస్తే, జల్సాలకు తగలేసి ఉంటాడని తేల్చేసి గెంటేస్తాడు. ఎందుకు అప్పు చేశావురా అని ఒక్క మాట అడగడు. అంతే, పొరపాటు దొరికింది.

తర్వాత ప్రేక్షకులకు నిజం ముందే చెప్పేయండి. అన్నయ్య ఎప్పుడో స్నేహితుడికి పెట్టిన షూరిటీ సంతకం ఇంటి మీదకొచ్చింది. పరువు పోతుందని తమ్ముడే గుట్టుగా అప్పు చేసి ఆ బాకీ కట్టాడు. మొదటి రంగంలోనే ఇది చూపిస్తే, రెండో రంగంలో అన్నయ్య "నీ నీడ పడితేనే ఈ ఇల్లు నిలవదురా" అన్నప్పుడు హాలంతా ఉలిక్కిపడుతుంది. నాటకీయ వ్యంగ్యం అంటే ఇదే. సస్పెన్స్ కోసం దాచారో, ఆ డైలాగ్ ఉత్త తిట్టుగా మిగులుతుంది.

ఇక మలుపు. దాన్ని శుభవార్తతో తిప్పండి. గ్రీకు విషాద నాటకంలోని ఈడిపస్ రాజుకు, తల్లిని పెళ్లాడతానేమోనని భయం. కొరింథు నగరం నుంచి వచ్చిన దూత ఆ భయం పోగొడదామని చెప్పిన మాటే ఆయన పుట్టుక గుట్టు విప్పుతుంది. రాత తిరగబడడం, నిజం తెలియడం ఒకేసారి జరిగితే అరిస్టాటిల్ మెచ్చుకున్నాడు. మన నాటికలో ఫైనాన్స్ గుమాస్తా నవ్వుతూ వస్తాడు: "మీ బాకీ తీరిపోయిందండీ, ప్రోనోటు తీసుకోండి." ముందు అన్నయ్య సంతకం. తిప్పితే, వెనక తమ్ముడి పేరుతో చెల్లు. ఫోన్ చేస్తాడు. స్విచాఫ్.

తమ్ముడికి ఏమైందో వేదిక మీద చూపించకండి. గ్రీకులు కూడా చావులను ఎక్కువగా వేదిక బయటే ఉంచి, దూతతో చెప్పించేవారు. పొగ మిషను, ఎర్ర లైటు మానేయండి. నాటకానికి చెప్పిన ఆరు అంగాల్లో అరిస్టాటిల్ కథకు మొదటి పీట వేశాడు, ఆర్భాటాన్ని చివరికి నెట్టాడు.

మొన్న రిహార్సల్లో అన్నయ్య వేషం వేసేవారు రెండు నిమిషాల ఏడుపు డైలాగ్ కావాలని పట్టుబట్టారు. ఇవ్వలేదు. కళ్లజోడు తుడిచి పెట్టుకుని, ఆ చెల్లు మళ్లీ చదవమన్నాను.