పప్పుధాన్యాల విత్తనాలకు రైజోబియం పట్టించడం ఎలా?

రైజోబియం అంటే పప్పుజాతి మొక్కల వేళ్ల మీద బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించే బాక్టీరియా. దాని ప్యాకెట్ చేతికి రాగానే ముందు గడువు తేదీ చూడండి. అందులో ఉన్నది బతికున్న బాక్టీరియా. గడువు దాటినా, ఎండలో పడి ఉన్నా అది చచ్చిపోతుంది. పొడి మాత్రం చూడ్డానికి అలాగే ఉంటుంది, అదే చిక్కు. తెచ్చాక చల్లటి నీడలో దాచండి.

తర్వాత ప్యాకెట్ మీద పంట పేరు చూడండి. సోయా చిక్కుడుకు పనికొచ్చే రకం శనగకు పనికిరాదు. వరి, మొక్కజొన్న లాంటి వాటికైతే రైజోబియంతో పనే లేదు, వాటికి అజోస్పైరిల్లం అనే మరో బాక్టీరియా వాడతారు.

10 కిలోల విత్తనానికి 200 గ్రాముల పొడి సరిపోతుంది. 100 మి.లీ. నీళ్లలో 10 గ్రాముల బెల్లం గానీ పంచదార గానీ వేసి మరిగించి, పూర్తిగా చల్లారనివ్వండి. తొందరపడి వేడిగా ఉండగానే కలిపితే బాక్టీరియా చచ్చిపోతుంది, పని అక్కడితో సరి! చల్లారిన జిగురు నీళ్లు విత్తనాల మీద చిలకరించి, పొడి వేసి, గింజ గింజకూ పలచని పొర అంటేలా చేత్తో మెల్లగా కలపండి. వేరుశనగ అయితే మరీ జాగ్రత్త, పైపొట్టు ఇట్టే ఊడిపోతుంది. కలిపాక నీడలో ఆరబెట్టి, అదే రోజు విత్తేయండి.

శిలీంధ్రనాశిని, పురుగుమందు కూడా పట్టించాలంటే ముందు అవి, ఆరాక చివర్లో రైజోబియం. ఈ వరుస తప్పకూడదు. కొన్ని మందులు రైజోబియాన్ని కూడా చంపేస్తాయి కాబట్టి రెండూ కలిసి వాడొచ్చో లేదో మందు కొనేటప్పుడే కనుక్కోవడం మేలు.

విత్తేటప్పుడు నేలలో పదును (తేమ) ఉండాలి. పట్టించిన విత్తనాన్ని రసాయన ఎరువుతో కలపొద్దు. యూరియా దండిగా వేసినా నష్టమే: నేలలోనే నత్రజని దొరుకుతుంటే మొక్క వేళ్ల మీద బుడిపెలు సరిగా కట్టవు.

పని జరిగిందో లేదో తెలుసుకోవడానికి నెలా, నెలా పది రోజులకు రెండు మూడు మొక్కలు తీసి చూడండి. పీకితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి, అందుకే పారతో మట్టిగడ్డతో సహా లేపి, నీళ్లలో కడగాలి. బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగో, ఎరుపో కనిపించాలి. మన రక్తంలోని హిమోగ్లోబిన్ లాంటిదే అక్కడ లెగ్‌హిమోగ్లోబిన్ ఉంటుంది, ఆ రంగు దానిదే. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే ఆ బుడిపె నత్రజని పట్టడం లేదన్నమాట.